సముద్రపుటంచు చెప్పే వేగం

మొన్న సాయంత్రం విశాఖపట్నం పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నలుగురం నిలబడి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాటిపోవడం చూశాం. చప్పుడు లేదు, మినుకుమినుకు లేదు. నిలకడైన తెల్లటి చుక్క ఊరి మీంచి వచ్చి సముద్రం వైపు వెళ్లిపోయింది. పక్క ఫ్లాట్ పాప ఏడో తరగతి. అది కనుమరుగయ్యేదాకా చూసి అడిగింది: "అంకుల్, దాని ఇంజిన్ ఆగిపోతే మన మీద పడిపోదా?"

ఎంత మంచి ప్రశ్న! పెద్దవాళ్లలోనూ చాలామందికి ఉపగ్రహం అంటే విమానం లాంటిదే, ఇంజిన్ నడిచినంతసేపే పైన ఉంటుంది. నిజానికి ఆ కేంద్రం ఇంజిన్లు ఎప్పుడో ఒకసారి తప్ప మండవు. అది ప్రతి క్షణం పడిపోతూనే ఉంది. పడుతోంది కానీ నేలను అందుకోలేకపోతోంది.

బళ్లో దీన్ని "గురుత్వ బలానికి అపకేంద్ర బలం సరిపోతుంది" అని బట్టీ పట్టించి వదిలేస్తారు. నాకు ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చదు. రెండు బలాలూ రద్దయిపోతే వస్తువు తిన్నగా వెళ్లిపోవాలి కదా, గుండ్రంగా ఎందుకు తిరుగుతుంది? ఈ అనుమానం వచ్చిన పిల్లవాడికి ఆ వాక్యం ఏ జవాబూ ఇవ్వదు. జవాబు మా పిట్టగోడ ముందే ఉంది.

మేడ మీద మన కన్ను సముద్ర మట్టానికి 20 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత అక్కణ్నుంచి దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇవతల లంగరేసిన ఓడ నిండుగా కనిపిస్తుంది, బాగా అవతల ఉన్న ఓడకు పై భాగమే కనిపిస్తుంది. కింది భాగాన్ని దాచేది భూమి వంపు.

ఇప్పుడు సరిగ్గా ఆ గీత మీదున్న ఓడ నుంచి ఎవరో ఒక రాయిని నీటికి ఆనించి మన వైపు అడ్డంగా విసిరారనుకోండి. గాలి అసలు లేదనుకోండి. గురుత్వం కూడా లేకపోతే ఆ రాయి మన చూపు వెళ్లిన దారినే తిన్నగా వెనక్కి వచ్చి, నీటికి 20 మీటర్ల ఎత్తున, నేరుగా మన ముఖం ముందుకే వస్తుంది. కానీ గురుత్వం ఉంది, రాయి పడుతుంది. 20 మీటర్లు పడటానికి ఏ వస్తువుకైనా 2 సెకన్లు కావాలి. మరి ఆ 16 కిలోమీటర్లనూ రాయి ఆ 2 సెకన్లలోనే దాటేస్తే? మన దగ్గరికి చేరేసరికి అది 20 మీటర్లు పడి ఉంటుంది. నీళ్లు ఉన్నదీ సరిగ్గా అంతే కింద! అంటే పడింది, కానీ నీటి నుంచి దాని ఎత్తు మారలేదు. తర్వాతి 2 సెకన్లలోనూ అదే జరుగుతుంది, ఆ తర్వాతా అంతే. సెకనుకు 8 కిలోమీటర్లు. కక్ష్య అంటే ఇదే.

మేడ దిగి బీచ్ రోడ్డుకు వెళ్దాం. కన్ను 5 మీటర్ల ఎత్తున ఉంటే గీత 8 కిలోమీటర్ల దూరంలో, పడే సమయం 1 సెకను. మళ్లీ 8. 350 మీటర్ల ఎత్తున్న కొండ ఎక్కామనుకుందాం. గీత 67 కిలోమీటర్లు, పడే సమయం ఎనిమిదిన్నర సెకన్లకు కాస్త తక్కువ. భాగిస్తే 7.9. ఎంత ఎత్తు ఎక్కినా అదే అంకె! మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎత్తు నాలుగింతలైతే గీత దూరం రెండింతలవుతుంది, పడే సమయమూ రెండింతలే అవుతుంది. రెండూ ఎత్తు వర్గమూలాన్ని బట్టే పెరుగుతాయి కాబట్టి భాగించినప్పుడు ఎత్తు కొట్టుకుపోతుంది. మిగిలేవి భూమి వ్యాసార్ధం 63,71,000 మీటర్లు, గురుత్వ త్వరణం 9.8. వాటి లబ్ధానికి వర్గమూలం 7,900. న్యూటన్ ఎత్తయిన కొండ మీద ఫిరంగి పెట్టి ఊహించిన వేగం ఇదే.

అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి దానికి సెకనుకు 7.7 కిలోమీటర్లు చాలు. అక్కడ గురుత్వం ఉండదనుకోవడం పొరపాటు, నేల మీద ఉన్నదాంట్లో 89 శాతం ఉంటుంది. వ్యోమగాములు తేలడానికి కారణం వాళ్లూ కేంద్రమూ కలిసి పడుతుండటమే.

మరి ఇంజిన్ ఎందుకు? అంత ఎత్తులోనూ పలచగా గాలి ఉంది. దాని రాపిడికి కేంద్రం నెలకు 2 కిలోమీటర్ల దాకా దిగిపోతుంది, అప్పుడప్పుడూ మళ్లీ పైకి నెట్టాలి. ఇక్కడో విచిత్రం ఉంది. గాలి అడ్డుకుంటే ఉపగ్రహం వేగం పెరుగుతుంది! రాపిడికి పోయిన వేగం కన్నా కిందికి జారడం వల్ల వచ్చే వేగం ఎక్కువ. పైకి వెళ్లాలంటే ముందుకు తోయాలి, తీరా పైకి చేరాక వేగం తగ్గి ఉంటుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం వేగం సెకనుకు 3.07 కిలోమీటర్లే. అంతరిక్ష కేంద్రంలా తక్కువ ఎత్తున తిరుగుతూ, అలా నెట్టేవాళ్లు లేని పాత ఉపగ్రహాలు దిగి దిగి చివరికి మండిపోతాయి. చుక్క రాలితే ఎవరో పోయారని మా అమ్మమ్మ చేతులు జోడించేది. రాలేది నక్షత్రం కాదని, ఎక్కువగా ఇసుక రేణువంత రాయి అని ఆవిడకు చెప్పేంత చదువు అప్పటికి నాకు లేదు.

గాలి లేనిచోట దేన్ని తోసి కదులుతుందని కూడా అడుగుతారు. ఫిషింగ్ హార్బర్‌లో చిన్న పడవ మీంచి గట్టు మీదికి దూకి చూడండి, పడవ వెనక్కి పోతుంది. పడవ గాలిని తోయలేదు, మీరు పడవను తోశారు. థ్రస్టర్, అంటే ఉపగ్రహాన్ని నెట్టే చిన్న ఇంజిన్, వేడి వాయువును అలాగే వెనక్కి విసురుతుంది. మన జీశాట్ సమాచార ఉపగ్రహాల్లో పెద్ద ఇంజిన్ తోపు 440 న్యూటన్లు, అంటే 45 కిలోల బరువంత. బియ్యం బస్తాపాటి తోపుతో మూడు టన్నుల ఉపగ్రహం, విడతలు విడతలుగా కొన్ని గంటలు మండి, భూస్థిర కక్ష్యకు చేరుతుంది. ఇందాక చెప్పిన 35,786 కిలోమీటర్ల ఎత్తు అదే, అక్కడ ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది.

అక్కడ గాలి బాధ లేకపోయినా చంద్రుడు, సూర్యుడు కక్ష్యను ఒరగదీస్తారు. దాన్ని సరిచేయడానికే ఏడాది మొత్తమ్మీద ఉపగ్రహం వేగాన్ని సెకనుకు 50 మీటర్లు మార్చేంత ఇంధనం ఖర్చవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఊపేసిన రోజు పై నుంచి ఫొటోలు తీసిన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డి, అప్పట్లో 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు మనకు నేరుగా దక్షిణాన అలాంటి చిన్న చిన్న తోపులతోనే నిలబడి ఉండేది.

పాప మళ్లీ అడిగింది: "మరి ట్యాంకులో ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?" అంతా పడిపోతున్న చోట ఇంధనం అడుగున నిలవదు, బైక్ ట్యాంకులోలా ముల్లు పెట్టి చూడలేం. అందుకని మొదటి రోజు నుంచీ ఏ థ్రస్టర్ ఎన్ని సెకన్లు మండిందో లెక్క రాసుకుంటారు, ట్యాంకు పీడనం, ఉష్ణోగ్రతలతో సరిచూసుకుంటారు. కెమెరాలు బాగానే పనిచేస్తున్నా, ఆ లెక్క చివరికొచ్చినప్పుడు మిగిలిన కొద్ది కిలోలతో ఉపగ్రహాన్ని మరో 300 కిలోమీటర్లు పైకి నెట్టి, ఆ చోటును కొత్తదానికి ఖాళీ చేస్తారు.