హేమ కమిటీలో మన తెనాలి శారద

2024 ఆగస్టు 19న జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు తెలుగు టీవీల్లోనూ చాలా గొడవ జరిగింది. మలయాళ సినిమాలో ఆడవాళ్లు పడుతున్న పాట్ల గురించి రెండు మూడు వారాలు చర్చలే చర్చలు. ఆ కమిటీలో ఉన్నది ముగ్గురే. కేరళ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె. హేమ, రిటైర్డ్ ఐఏఎస్ అధికారి కె.బి. వత్సల కుమారి, నటి శారద. ఆ శారద ఎవరో కాదు, మన ఊర్వశి శారదే. చర్చల్లో కూర్చున్న చాలామందికి ఈ సంగతి తట్టినట్టు లేదు.

2017 ఫిబ్రవరిలో కొచ్చిలో ఒక ప్రముఖ నటిని కారులో ఎత్తుకెళ్లి లైంగిక దాడి చేశారు. ఆ తర్వాత కొందరు నటీమణులు, మహిళా సాంకేతిక నిపుణులు కలిసి విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ అనే సంఘం పెట్టుకుని కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్‌ను కలిశారు. దాంతో ప్రభుత్వం అదే ఏడాది జులైలో కమిటీ వేసింది. నివేదిక 2019 డిసెంబరు 31న చేతికందినా, బయట పెట్టడానికి నాలుగున్నర ఏళ్లకు పైగా పట్టింది. అదీ కొన్ని భాగాలు తీసేశాకే.

కమిటీలో సినిమా వాళ్ల తరఫున ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ కేరళ మనిషి కాదు, గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టిన తెలుగావిడ. అక్కడ పెద్ద నటీమణులకేమీ కొరత లేదు. మరి ఈమెనే ఎందుకు పిలిచారో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

శారద 1945లో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సరస్వతీదేవి. తెనాలి, ఆ చుట్టుపక్కల పల్లెలు తెలుగు సినిమాకు ఎంతమందిని ఇచ్చాయో లెక్క తీస్తే ఆశ్చర్యం వేస్తుంది. కాంచనమాల, గోవిందరాజుల సుబ్బారావు, గుమ్మడి, జగ్గయ్య, చిర్రావూరు సావిత్రి, బుర్రిపాలెం కృష్ణ, అందరూ ఆ దగ్గరి వాళ్లే. సరస్వతి కూడా నాట్యం నేర్చుకుని, నాటకాలాడి మద్రాసు చేరారు. 1961లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘ఇద్దరు మిత్రులు’తో జనానికి తెలిశారు. అందులో కథానాయకుడు అక్కినేని, కానీ శారద ఆయన పక్కన కథానాయిక కాదు.

తర్వాత మూడు నాలుగేళ్లు అదే వరస. సావిత్రి, జమున, కృష్ణకుమారి, బి. సరోజాదేవి ఏలుతున్న రోజులవి. కొత్తమ్మాయికి దొరికితే చెల్లెలి వేషమో, కమెడియన్ పక్కన జోడీ వేషమో దొరికేది. ఆమె ముఖంలో ఉన్న దిగులును మనవాళ్లు గమనించలేదా, గమనించినా నవ్వులాట వేషాలకు అది ఎందుకు అనుకున్నారా! నాకు మాత్రం అది మనవాళ్ల పొరపాటనే అనిపిస్తుంది.

1965లో కుంచాకో తీసిన ‘ఇణప్రావుగళ్’ ఆమెను మలయాళానికి తీసుకెళ్లింది. అదే ఏడాది ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాయగా ఎ. విన్సెంట్ తీసిన ‘మురప్పెణ్ణు’ వచ్చింది. మురప్పెణ్ణు అంటే మన మేనమరదలే. ప్రేమించింది ఒక బావని, కట్టబెట్టింది అతని తమ్ముడికి. మధ్యలో కుండమార్పిడి పెళ్లి పేచీ. ఇలాంటి కథ మన పల్లెల్లో తెలియనిదెవరికి? తెనాలి అమ్మాయి ఆ పాత్రలో ఇమిడిపోవడంలో వింతేమీ లేదు. రెండేళ్లకు మళ్లీ ఎం.టి. కథే, ‘ఇరుట్టింటె ఆత్మావు’. మతి చలించిన బావగా ప్రేమ్‌నజీర్, అతన్ని మనిషిలా చూసే మరదలిగా శారద. అప్పటి నుంచి మలయాళీలు ఆమెను ‘దుఃఖపుత్రి’ అనడం మొదలుపెట్టారు.

ఆ సినిమాలు చూసేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చాలా మలయాళ చిత్రాల్లో వినిపించేది శారద గొంతు కాదు, టి.ఆర్. ఓమన అనే నటిది. అంటే మలయాళీలు అంతగా గుండెకు హత్తుకున్నది ఆమె మాటను కాదు, ముఖాన్ని. కళ్లు కిందికి దించడం, పెదవి బిగించడం, ఏడవబోయి ఆగిపోవడం, వీటితోనే ఆమె పాత్రను నిలబెట్టింది. ఇది డబ్బింగ్ నటిని తక్కువ చేయడం కాదు. ఆ పాత్రల్లో ఓమన వాటా ఓమనకు ఉంది.

1968లో ‘తులాభారం’ వచ్చింది. తోప్పిల్ భాసి నాటకానికి విన్సెంట్ తీసిన సినిమా ఇది. కార్మికుల పక్షాన నిలబడిన భర్త చనిపోతాడు. ఆకలికి తాళలేక ఆ ఇల్లాలు పిల్లలకు విషం పెడుతుంది, తను మాత్రం చావదు. కోర్టు బోనులో నిలబడుతుంది. ఆ పాత్రకు శారద జాతీయ ఉత్తమ నటి అయ్యారు. అప్పట్లో ఆ అవార్డు పేరే ‘ఊర్వశి’. అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టి, తొలిసారి నర్గీస్‌కు ఇచ్చారు. రెండోది శారదది. ఆ మాటే ఇంటిపేరులా అతుక్కుపోయింది.

అప్పుడు గానీ తెలుగువాళ్లకు కళ్లు తెరుచుకోలేదు. 1969లో ‘తులాభారం’ తెలుగులో ‘మనుషులు మారాలి’ అయ్యింది. దర్శకుడు వి. రామచంద్రరావు, భర్త వేషంలో శోభన్‌బాబు. తమిళంలోనూ, హిందీలో ‘సమాజ్ కో బదల్ డాలో’ పేరుతోనూ అదే కథ తీస్తే, నాలుగు భాషల్లోనూ ఆ తల్లి శారదే. చెల్లెలి వేషాలిచ్చిన పరిశ్రమే తర్వాత ఆమె పేరు మీద సినిమా తీసింది. 1973లో కె. విశ్వనాథ్ చిత్రం పేరు ‘శారద’, ప్రధాన పాత్రా ఆమెదే. 1975లో దాసరి ‘బలిపీఠం’, రంగనాయకమ్మ నవల ఆధారంగా.

ఈ మధ్యలోనే అసలు మలుపు వచ్చింది. 1972లో అదూర్ గోపాలకృష్ణన్ తన మొదటి సినిమా ‘స్వయంవరం’ తీశారు. పెద్దల్ని కాదని ఇల్లు వదిలి వచ్చేసిన జంట. ఉద్యోగం నిలవదు, అద్దె ఇల్లు చిన్నదైపోతూ ఉంటుంది, అతను జబ్బు చేసి పోతాడు. చేతిలో పసిబిడ్డతో ఆమె మిగులుతుంది. పాటలు లేవు, డ్యూయెట్లు లేవు. మొదటి విడుదలలో జనం పెద్దగా రాలేదు. చిత్రానికి, దర్శకుడికి, ఛాయాగ్రాహకుడు మంకడ రవివర్మకు, శారదకు నాలుగు జాతీయ అవార్డులు వచ్చాక మళ్లీ విడుదల చేస్తే ఆడింది. వాణిజ్య సినిమాలో అప్పటికే పెద్ద తారగా ఉన్న మనిషి, ఒక్క సినిమా కూడా తీయని కుర్ర దర్శకుడికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అదూర్‌తో 1981లో మరోసారి ‘ఎలిప్పత్తాయం’ చేశారు. ఎలుకల బోను అని అర్థం. పాతకాలపు జమీందారీ ఇంట్లో కదలని అన్న, అతనికి అన్నీ చేతికందిస్తూ పెళ్లి కాకుండా ఉండిపోయిన చెల్లెలు రాజమ్మ. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఆ చిత్రానికి 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. శారద పని ఏదో ఒక్కటే చూడాలంటే నేను ఇదే చెబుతాను, ఆమెకు అవార్డు రాకపోయినా.

తెలుగు సినిమాకు గాను ఆమెకు వచ్చిన జాతీయ అవార్డు ఒక్కటే, బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’కు. 1978 సంవత్సరపు పురస్కారాల్లో ఇచ్చారు. చితాభస్మం కలపడానికి బయల్దేరిన దంపతులు, దారిలో బండివాడు ఆ భార్య మీద చేసిన అత్యాచారం, ఆపై ఆమె లోపల రగిలేది, ఇదీ కథ. తెలుగు చిత్రానికి ఉత్తమ నటి అవార్డు రావడం అదే మొదలు. ‘దాసి’ అర్చన, ‘కర్తవ్యం’ విజయశాంతి, ‘మహానటి’ కీర్తి సురేష్ అందరూ ఆ తర్వాతే. తమాషా ఏమిటంటే, అప్పటికి ప్రభుత్వం ఆ అవార్డుకు ఊర్వశి అనే పేరు తీసేసింది. రజత కమలం ఇచ్చింది. మనం గర్వంగా ముందు తగిలించుకునే ‘ఊర్వశి’ రెండుసార్లూ మలయాళం పెట్టిన పేరే. తెలుగు వంతు వచ్చేసరికి ఆ పేరే లేదు.

ఎనభైల్లో తెలుగు ఆమెను వేరేగా వాడుకుంది. ‘సర్దార్ పాపారాయుడు’, ‘జస్టిస్ చౌదరి’లో ఎన్టీఆర్ పక్కన ఇల్లాలు. ‘ప్రతిధ్వని’లో పోలీసు అధికారి. ‘అనసూయమ్మ గారి అల్లుడు’లో బాలకృష్ణకు అత్తగారు. కళ్లు దించుకున్న దుఃఖపుత్రి ఇక్కడ కళ్లెర్రజేసే పెద్దమ్మ అయ్యింది. ఇప్పటి నలభై ఏళ్ల వాళ్లకు గుర్తున్నది ఈ శారదే. ఇంకా చిన్నవాళ్లకైతే ‘సంక్రాంతి’, ‘స్టాలిన్’లో అమ్మ.

1996లో తెలుగుదేశం తరఫున సొంతూరు తెనాలి నుంచే లోక్‌సభకు గెలిచారు. ఆ సభ రెండేళ్లు కూడా నిలవలేదు. రాజకీయంలో చెప్పుకోవాల్సింది అంతే.

కాబట్టి 2017లో కేరళ ప్రభుత్వం చూసింది ఈ అత్తగారిని, ఈ అమ్మను కాదు. భర్త పోయి, ఆకలితో కోర్టు బోనెక్కిన ‘తులాభారం’ విజయను, తలుపు వైపు చూస్తూ కూర్చున్న ‘స్వయంవరం’ సీతను, అన్న చాకిరీతో అరిగిపోయిన రాజమ్మను చూసింది. పైగా ఆమె అక్కడి ఇండస్ట్రీని లోపలి నుంచి ఎరిగిన మనిషి, కానీ అక్కడి ఏ వర్గానికీ చెందని బయటి మనిషి. నివేదికలోని ప్రతి మాటతో ఏకీభవించక్కర్లేదు. వాంగ్మూలాలు ఇచ్చిన ఆడవాళ్ల ఎదుట కూర్చోవడానికి మాత్రం ఆమెకు అర్హత ఉంది.

మన దగ్గరా ఇలాంటి పని ఒకటి జరిగింది. తెలుగు సినిమాలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక సబ్‌కమిటీ వేసింది. హేమ నివేదిక వచ్చిన ఆ ఆగస్టులోనే, ఇక్కడి నివేదికను కూడా బయట పెట్టండని నటి సమంత సోషల్ మీడియాలో బహిరంగంగా అడిగారు. అప్పటికి దాన్ని జనం చూడలేదు.