మూత్రపిండం లేని జీవుల నీటి లెక్క

మూత్రపిండాల జబ్బు విస్తరించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మూత్రపిండాల పనితీరును రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ అనే మాట తెలియడానికి చదువుతో పనిలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు డయాలసిస్ అంటే ఏమిటో అనుభవమే నేర్పింది. మూత్రపిండం విలువ ఇంతగా తెలిసిన నేల మీద, అవే కొబ్బరి, జీడి తోటల్లో అది లేకుండానే బతికే ప్రాణులను కూడా గమనించాలని నా కోరిక. తేలు, బొద్దింక, వానపాము, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, వీటన్నిటికీ మనకున్న ఇబ్బందే ఉంది. మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు నత్రజని మిగులుతుంది. అది అమ్మోనియాగా ఒంట్లో పేరుకుంటే విషం.

ఆ విషాన్ని వదిలించుకోవడం, నా దృష్టిలో, ముందుగా నీటి లెక్క. ఒక గ్రాము నత్రజనిని అమ్మోనియాగా బయటకు పంపాలంటే సుమారు 500 మిల్లీలీటర్ల నీరు కావాలి. యూరియాగా అయితే 50, యూరిక్ ఆమ్లంగా అయితే 10 సరిపోతాయి.

తీరంలోని చెరువుల్లో పెరిగే వనామి రొయ్యకు నీటి కొరత లేదు. దాని మీసాల మొదట్లో హరిత గ్రంథులు అనే విసర్జక అవయవాలు ఉన్నా, వాటి ముఖ్యమైన పని లవణాలను అదుపులో ఉంచడం. అమ్మోనియా చాలావరకు మొప్పల గుండానే నీటిలో కలుస్తుంది. రైతులు చెరువు నీటిలో అమ్మోనియాను పరీక్షించేది ఇందుకే. మిగిలిన మేత కుళ్లి కొంత వస్తే, రొయ్యలు వదిలేది మరికొంత. నీటి క్షారత పెరిగిన కొద్దీ ఆ విషానికి పదును పెరుగుతుంది. తడి మట్టిని వదలని వానపాము తన ఖండితాల్లోని మెలికల గొట్టాల ద్వారా అమ్మోనియాను, యూరియాను కూడా విసర్జిస్తుంది.

అసలు అద్భుతం కీటకాలది. 1669లో ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్పీజీ పట్టుపురుగును కోసి చూసి, పేగుకు అంటుకుని ఉన్న సన్నని గొట్టాలను వర్ణించాడు. ఇప్పుడు వాటిని మాల్పీజియన్ నాళికలు అంటున్నాం. మన మూత్రపిండాలు రక్తపు ఒత్తిడితో రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి పీల్చుకుంటాయి. కీటకం రక్తం నాళాల్లో బిగువుగా పారదు, దేహకుహరంలో అవయవాల చుట్టూ తిరుగుతుంది. అంత ఒత్తిడి లేనప్పుడు అలాంటి వడపోత కుదరదు. అందుకని నాళిక గోడలోని కణాలు శక్తి ఖర్చుపెట్టి పొటాషియం అయాన్లను లోపలికి తోడతాయి. వాటి వెంట నీరు వస్తుంది, వ్యర్థాలూ చేరతాయి. 1950లలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జె.ఎ. రామ్సే కర్రపురుగు నాళికను వేరుచేసి, ద్రవ పారాఫిన్ కింద చిన్న రక్తపు బొట్టులో ఉంచాడు. గుండె లేదు, దేహం లేదు, అయినా ఆ నాళిక మూత్రం తయారుచేస్తూనే ఉంది! జీవశాస్త్రంలో ఇంత అందమైన ప్రయోగాలు చాలా లేవు. పాఠ్యపుస్తకంలో ‘కీటకాలు – మాల్పీజియన్ నాళికలు’ అని జతపరచమని అడిగి వదిలేస్తే, పిల్లలకు దక్కకుండా పోయేది ఇదే.

నాళికల్లో తయారైన ద్రవం పేగులోకి చేరాక, పురీషనాళం అందులోని నీటిని, పనికొచ్చే లవణాలను వెనక్కి లాగేసుకుంటుంది. చివరకు మిగిలేది యూరిక్ ఆమ్లపు పొడి. కాకి రెట్టలో తెల్లగా కనిపించేదీ అదే పదార్థం. తేలు, సాలీడు మరో దారిలో గ్వానిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానికీ నీరు దాదాపు అక్కర్లేదు.

బొద్దింక ఇంకా పొదుపరి. యూరిక్ ఆమ్లాన్ని పారేయకుండా కొవ్వు కణజాలంలో దాచుకుంటుంది. అక్కడే నివసించే బ్లాటాబాక్టీరియం అనే సూక్ష్మజీవులు నత్రజని వ్యర్థాలతో మళ్లీ అమైనో ఆమ్లాలు తయారుచేస్తాయి. మాంసకృత్తులు దొరకని రోజుల్లో బొద్దింకను నిలబెట్టేది ఈ నిల్వే.

వరి కోసిన మడుల్లో వేసే మినుము మీద పేనుబంక చేరుతుంది కదా, దానికి మాల్పీజియన్ నాళికలే లేవు. రోజంతా మొక్క రసం పీలుస్తుంది కాబట్టి నీరు పుష్కలం. అమ్మోనియాలో కొంత దాని ఒంట్లోని బాక్టీరియాకు ముడిసరుకవుతుంది. మిగతాది ఆకులపై పడే తీయని జిగురుతో పాటే బయటికి పోతుంది.