గురువును ప్రశ్నించవచ్చునా? అపోహలు - వాస్తవాలు

నేను దాదాపు ఇరవై ఏళ్లుగా భగవద్గీత, ఉపనిషత్తులు పాఠం చెబుతున్నాను. అందులో మొదటి పదేళ్లూ తరగతి ఆరంభంలో "గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః" శ్లోకం చదివించి, ఇది వేదవాక్యమని చెప్పేవాడిని. ఒకనాడు పాఠం ముగిశాక, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు తన నోటుపుస్తకం తెరిచి, ఆ శ్లోకం పక్కన పెన్సిలుతో పెట్టుకున్న ప్రశ్నార్థకాన్ని చూపి, "మాస్టారూ, ఇది ఏ ఉపనిషత్తులోది? పదింటిలోనూ వెదికాను, దొరకలేదు" అన్నారు. దొరకదు. అది గురుగీతలోని శ్లోకం; గురుగీతను స్కాంద పురాణంలోని భాగంగా చెబుతారు. పదేళ్లుగా చెబుతూ వచ్చిన తప్పును మరుసటి వారం అందరి ఎదుటా దిద్దుకున్నాను. నాకు కలిగిన ఇబ్బంది కొద్దిపాటిదే గాని, ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దాయన మాత్రం చాలా నొచ్చుకొని, "గురువుగారిని అలా నిలదీయవచ్చునా అమ్మా?" అని ఆవిడను మందలించారు. అటువంటి మందలింపు వెనుక ఉండే నమ్మకాలను గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శరణన్న శిష్యుడు ఇక ప్రశ్న వేయరాదు.

వాస్తవం: "నేను నీ శిష్యుడను, శరణుజొచ్చినవాడను, నన్ను శాసించు" అని అర్జునుడు పలికింది గీత రెండవ అధ్యాయం ఏడవ శ్లోకంలో. మూడవ అధ్యాయం మొదలయ్యేసరికే అతడు "కలగాపులగపు మాటలతో నా బుద్ధిని మోహపెడుతున్నట్లున్నావు" అంటాడు, నాలుగవ అధ్యాయంలో "నీవు నిన్నమొన్న పుట్టినవాడవు, వివస్వంతుడు (సూర్యుడు) ఎప్పటివాడు, అతనికి నీవు ఉపదేశించావంటే ఎలా నమ్మేది?" అని అడుగుతాడు. కృష్ణుడు కోపగించలేదు సరికదా, జ్ఞానులను ఆశ్రయించే పద్ధతి చెబుతూ ప్రణిపాతానికీ (సాగిలపడి మొక్కడానికీ) సేవకూ నడుమ "పరిప్రశ్న"ను, అంటే చక్కగా అడిగి తెలుసుకోవడాన్ని, నిలిపాడు. బంధమెలా కలిగింది, మోక్షమెలా కలుగుతుంది, విద్య ఏది, అవిద్య ఏది అని అడగడమే పరిప్రశ్నమని శంకరులు భాష్యంలో వివరించారు. ఉపదేశమంతా పూర్తయ్యాక కూడా పద్దెనిమిదవ అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది "దీనిని పూర్తిగా విమర్శించి, ఆపైన నీ ఇష్టప్రకారం చేయి" అనే. అక్కడి మూలపదం "విమృశ్య". మనం నేడు తప్పుపట్టడమనే అర్థంలో వాడుతున్న "విమర్శ" కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే.

ప్రశ్న అడగనివాడి గతి ఏమవుతుందో ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయం చూపుతుంది. ఆత్మను తెలుసుకోవాలని దేవతల రాజు ఇంద్రుడు, అసురుల రాజు విరోచనుడు ఇద్దరూ ప్రజాపతి దగ్గర ముప్పైరెండేళ్లు బ్రహ్మచర్యం పాటించారు. చక్కగా అలంకరించుకొని నీటి పాత్రలో చూడమని, కనిపించేదే ఆత్మ అని ప్రజాపతి అన్నాడు. విరోచనుడు తృప్తిగా ఇంటికి పోయి, దేహమే ఆత్మ అని తనవారికి బోధించాడు. ఇంద్రుడు మాత్రం సగం దారిలో ఆగి, దేహం గుడ్డిదైతే ఈ నీడా గుడ్డిదవుతుంది కదా, ఇందులో నాకు మేలేమీ కనిపించడం లేదనుకొని, సమిధలు చేతబట్టుకొని వెనక్కి వచ్చాడు. ప్రజాపతి "నీవన్నది నిజమే, మఘవా (ఇంద్రా)" అన్నాడు. ఇంద్రుడు అలా మూడు మార్లు తిరిగి వచ్చాడు, మొత్తం నూటొక్క సంవత్సరాలు గురువు దగ్గర ఉన్నాడు. ఇద్దరిలో గురువు మాటను మారుపలకకుండా అంగీకరించినవాడు విరోచనుడేనని మా తరగతిలో చెప్పినప్పుడల్లా కొంతసేపు ఎవరూ మాట్లాడరు.

అపోహ: గురువుకు తెలియనిది ఉండదు.

వాస్తవం: ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు వస్తే, ఒక సంవత్సరం ఉండి తర్వాత ఇష్టమైనవి అడగండని పిప్పలాదుడు చెప్పి, "మాకు తెలిసినట్లయితే చెబుతాము" అని చేర్చాడు. నాకు ఆ "అయితే" చాలా ఇష్టం.

అపోహ: ప్రశ్నించే హక్కు ఉంది కనుక ఎలా అడిగినా ఒకటే.

వాస్తవం: ఇది ఈ కాలపు అపోహ. న్యాయశాస్త్రం (మన ప్రాచీన తర్కశాస్త్రం) చర్చను వాదం, జల్పం, వితండ అని మూడుగా విడదీసింది. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షమే లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికి చేసేది వితండ. వాదం ఎవరితో చేయాలో చెప్పే న్యాయసూత్రం శిష్యుడిని, గురువును, సహాధ్యాయిని వరుసగా పేర్కొని, వారు అసూయ లేనివారై ఉండాలని నియమం పెట్టింది. అంటే గురువుతో వాదించడం తప్పు కాకపోగా, శాస్త్రం చూపిన దారే. సందేహం తీరిన తర్వాత కూడా అదే ప్రశ్న మళ్లీ వస్తున్నదంటే అడిగేవారు జల్పంలోకి దిగారన్నమాట, అప్పుడు పాఠం ముందుకు నడపడం గురువు పని.

అపోహ: "ఆచార్యదేవో భవ" అన్నారు కాబట్టి ఆయన నడవడిని చూడకూడదు.

వాస్తవం: తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి అనే భాగంలో ఆ మాట ఉన్న అనువాకంలోనే (ఖండంలోనే), ఆ వెంటనే, ఆచార్యుడే శిష్యుడితో "మాలో ఏవి సుచరితములో (మంచి నడతలో) వాటినే నీవు ఆచరించు, ఇతరములను కాదు" అంటాడు. మంచి ఏదో, ఇతరం ఏదో శిష్యుడు చూసి ఎంచుకోవలసిందేనని దీని అర్థం. గోడల మీద మొదటి వాక్యాన్నే రాయిస్తారు. రెండవది రాయించిన ఆశ్రమాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

అపోహ: గురువు ఆగ్రహిస్తే ఇక గతి లేదు.

వాస్తవం: శివుడు కోపిస్తే గురువు రక్షిస్తాడు, గురువు కోపిస్తే రక్షించేవారు లేరనే శ్లోకం గురుగీతలో ఉన్న మాట నిజమే. శిష్యుల ధనాన్ని హరించే గురువులు చాలామంది ఉన్నారని, శిష్యుల తాపాన్ని హరించే గురువు దుర్లభుడని, జ్ఞానం లేని, అబద్ధమాడే, వేషధారి అయిన గురువును విడిచిపెట్టాలని కూడా అదే గ్రంథం చెబుతుంది. మొదటిది మాత్రమే చదివి వినిపించేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ బలిచక్రవర్తి. వామనుడికి ఇచ్చిన మాట తప్పమని, ప్రాణవిత్తమానభంగ సమయాల్లో బొంకవచ్చునని సలహా ఇచ్చినవాడు సాక్షాత్తు అతని కులగురువు శుక్రాచార్యుడు. బలి ఆ సలహాను వినయంగానే తోసిపుచ్చాడు, గురువు శపించాడు, రాజ్యమూ పోయింది. అయినా భాగవతం మెచ్చుకున్నది శిష్యుడినే. విష్ణువు సుతలమనే పాతాళలోకంలో అతని వాకిట కాపలా ఉన్నాడు.

అపోహ: ఆశ్రమం లోపలి సంగతి బయటపెట్టడం గురుద్రోహం.

వాస్తవం: పాఠంలోని సందేహానికి గురువే న్యాయమూర్తి కావచ్చు, డబ్బుకూ, శరీరానికీ సంబంధించిన ఆరోపణకు కాలేడు. విరాళానికి రసీదు, సంస్థకు ఆడిట్ అడగడం నిందలోకి రాదు. మన 1987 నాటి దేవాదాయ చట్టంలో మఠాధిపతిని తొలగించే విధానానికి ఒక సెక్షనే ఉంది. 2018 ఏప్రిల్ 25న ఆశ్రమాలు నడిపిన గురువు ఆశారాం బాపుకు జోధ్‌పూర్ ప్రత్యేక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించిన కేసులో, ఫిర్యాదు చేసిన బాలిక ఆయన భక్తుల ఇంటి బిడ్డే, ఆయన గురుకులంలో చదువుకున్న పిల్లే. పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ) చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు, సంస్థ బాధ్యుడే దాచితే ఏడాది వరకు. అటువంటి మాట చెవిన పడినప్పుడు ముందుగా ఆశ్రమ కార్యదర్శి దగ్గరకు వెళ్లకండి. పోలీసు స్టేషనుకు వెళ్లండి, లేదా పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి.