న్యూట్రిషన్ పీజీ: డిస్టెన్స్ దారి ఎలా మూసుకుపోయింది

అడ్మిషన్ల సీజన్ రాగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇదే టెన్షన్ మళ్లీ మొదలవుతోంది. ఉద్యోగమో ఇంటిపనో చూసుకుంటూ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేద్దామనుకున్నవాళ్లకు దారేదీ? అందరూ 2025 ఆగస్టు నాటి యూజీసీ నోటీసునే తప్పుపడుతున్నారు. ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్, సైకాలజీ వంటి కోర్సులను ఆ ఏడాది జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని అది చెప్పిన మాట నిజమే. కానీ ఆ నోటీసు వచ్చేనాటికే విషయం తేలిపోయి చాలాకాలమైంది.

 ఒకసారి 2021 మార్చికి వెళ్దాం.

జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది అప్పుడే. కోవిడ్ రెండో వేవ్ ముంచుకొస్తున్న ఆ రోజుల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అంతవరకు న్యూట్రిషన్ అంటే హోమ్‌సైన్స్‌లో ఒక పాయ. లెక్చరర్ కావాలంటే నెట్ కూడా హోమ్‌సైన్స్ పేరుతోనే రాయాలి. ఆడపిల్లలు చదువుకునే వంటల సబ్జెక్టు అన్న చిన్నచూపు ఎలాగూ ఉంది. గుమ్మం ముందు డైటీషియన్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి రిజిస్టర్డ్ డైటీషియన్ అనిపించుకోవచ్చు గానీ, అది ఇష్టమున్నవాళ్లకే.

కొత్త చట్టం డైటీషియన్‌ను, న్యూట్రిషనిస్టును ఫిజియోథెరపిస్టు, ల్యాబ్ టెక్నాలజిస్టుల సరసన షెడ్యూల్లో చేర్చింది. గౌరవం పెరిగింది. దాంతోపాటు లెక్క కూడా మారింది. ఆరోగ్య వృత్తి నిపుణుడి డిగ్రీ అంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని చట్టం రాసింది. చదువును గంటల్లో కొలవడం మొదలయ్యాక, పోస్టులో వచ్చే పుస్తకాలకూ అసైన్‌మెంట్లకూ చోటెక్కడుంటుంది? దూరవిద్యకు గడువు పడింది అక్కడే.

మరి నాలుగేళ్లు ఎందుకు పట్టిందంటే, చట్టం అడిగిన రాష్ట్ర కౌన్సిళ్లను రాష్ట్రాలు వేయకుండా సాగదీశాయి. 2024లో సుప్రీంకోర్టు అక్టోబర్ 12ను గడువుగా పెట్టి చట్టాన్ని అమలు చేయమంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ పది వృత్తులకు కొత్త సిలబస్ విడుదల చేసింది. అందులో న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఒకటి. ఆ వెంటనే యూజీసీ నోటీసు.

దీనివల్ల నష్టపోయినవాళ్లెవరో చూస్తే గొడవ అర్థమవుతుంది. ఇగ్నో దూరవిద్యలో నడిపిన డైటెటిక్స్ అండ్ ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ లాంటి కోర్సు, డిగ్రీ కాగానే పెళ్లయిన అమ్మాయికీ చిన్న ఉద్యోగం వదల్లేని ఆవిడకూ అందే దూరంలో ఉండేది. రెగ్యులర్ సీటంటే విశాఖ వెళ్లాలి. అక్కడ రాకపోతే తిరుపతి పద్మావతి మహిళా వర్సిటీ. లేదంటే ఎంట్రన్స్ రాసి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్). ఇచ్ఛాపురం నుంచి పిల్లల తల్లి రెండేళ్లు తిరుపతి హాస్టల్లో ఉంటుందా? ఈ ప్రశ్నకు నోటీసులో జవాబు లేదు. పాతవాళ్లకు ఇంకో బెంగ, తమ డిగ్రీ చెల్లుతుందా అని. నోటీసు మాట్లాడింది కొత్త అడ్మిషన్ల గురించే.

పని లేక కాదు కదా ఈ చదువు అడుగుతున్నది. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల్ని చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాల్లో (ఎన్‌ఆర్‌సీ) న్యూట్రిషన్ కౌన్సిలర్ ఉండాలని కేంద్రం 2011 మార్గదర్శకాల్లోనే చెప్పింది. 2018లో కేంద్ర పథకం పోషణ్ అభియాన్ వచ్చాక కాంట్రాక్టు పోస్టులు వచ్చాయి. కార్పొరేట్ ఆసుపత్రులు, ఫుడ్ కంపెనీలు, క్రీడా శిక్షణ కేంద్రాలు, సొంత క్లినిక్ ఎలాగూ ఉన్నాయి. రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) తేల్చింది.

అన్నింటికన్నా శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. మధుమేహం లేని 60 కిలోల కిడ్నీ రోగికి డయాలసిస్‌కు ముందు రోజుకు 33 నుంచి 36 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. డయాలసిస్ మొదలైతే అది 60 గ్రాములు దాటాలి. నిన్నటిదాకా పప్పు, గుడ్డు తగ్గించమన్న డాక్టరే ఇవాళ తినమంటే ఇంట్లోవాళ్లు నమ్మరు. పొటాషియం పెరిగినవాళ్లు కొబ్బరినీళ్లు మానాలి. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే ఉన్న ఉద్దానం ఊరు కవిటిలో ఆ మాట చెప్పి ఒప్పించడం తేలికా? ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేయాలని, ఎండుచేపల ఉప్పుతో జాగ్రత్తని, జీడిపప్పులో ఫాస్ఫరస్ ఎక్కువని ఆ ఊరి యాసలో చెప్పగలిగేది ఆ ఊరి మనిషే. ఆ మనిషికి పీజీ సీటు మాత్రం విశాఖలోనో తిరుపతిలోనో ఉంది.

ఆసుపత్రుల వాదన కూడా ఉంది. వార్డులో రోగి పక్కన నిలబడకుండా, రక్త పరీక్షల రిపోర్టు చూసి డైట్ మార్చడం నేర్చుకోకుండా డైటీషియన్ కాలేరని వాళ్లంటారు. కాదనలేం.

అయితే ఇక్కడ వార్డులకు కరువు లేదు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఉంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. కొత్త కోర్సు పెట్టాలంటే 2021 చట్టం ప్రకారం రాష్ట్ర కౌన్సిల్ ముందస్తు అనుమతి కావాలి. రెగ్యులర్ పీజీ దగ్గర్లో కావాలనుకునేవాళ్లు ఢిల్లీలో యూజీసీని తిట్టి లాభం లేదు. వినతిపత్రం ఇవ్వాల్సింది ముందు స్థానిక వర్సిటీకి, తర్వాత ఆ కౌన్సిల్‌కు.