గణపతి గుడి వీధికి బౌన్ పేరు ఎలా వచ్చింది

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ అమ్మమ్మ దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి రెండు ప్రశ్నలు అడిగాడు. "మా ఊరి పేరు ఫ్లషింగ్ అంటే వేరే చోటి పిల్లలు బాత్రూమ్ ఫ్లష్ అని నవ్వుతున్నారు, ఆ పేరు ఎందుకు పెట్టారు?" అన్నది మొదటిది. "మన గణపతి గుడి ఉన్న బౌన్ స్ట్రీట్‌లో ఆ బౌన్ ఎవరు?" అన్నది రెండోది. రెండూ మంచి ప్రశ్నలే. రెండిటికీ జవాబు ఒకటే కథలో ఉంది. ఫోన్లో చెప్పేస్తే సగం గాలికి పోతుంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది, తెలుగు కూడబలుక్కుని చదవగలిగితే మీరే చదవండి.

ముందు ఊరి పేరు. నెదర్లాండ్స్ దేశంలో జీలాండ్ అనే సముద్రతీర ప్రాంతం ఉంది. అక్కడ ఫ్లిసింగెన్ అని ఒక రేవు పట్నం. చాలా పెద్ద పేరున్న డచ్ నౌకాదళాధిపతి మిఖీల్ డి రాయిటర్ 1607లో పుట్టింది అక్కడే. ఇంగ్లండు వాళ్లకి ఆ పట్నం బాగా పరిచయం. 1585 నుంచి 1616 దాకా ఇంగ్లీషు సైనికులు అక్కడ కాపలా ఉన్నారు. వాళ్ల నోటికి ఫ్లిసింగెన్ తిరగక ఫ్లషింగ్ అయింది. తర్వాత 1645లో కొన్ని ఇంగ్లీషు కుటుంబాలు న్యూయార్క్‌లో ఇప్పుడు మీరున్న చోటికి వచ్చి ఊరు కట్టుకున్నాయి. అప్పుడు ఆ నేల డచ్ వాళ్ల పాలనలో ఉండేది, న్యూ నెదర్లాండ్ అనేవాళ్లు. ఊరికి డచ్ రేవు పేరే పెట్టారు, పలికింది మాత్రం ఇంగ్లీషు నోరు. నీ స్నేహితులు ఈసారి నవ్వితే, మా ఊరిది ఓడల రేవు పేరు అని చెప్పు నాన్నా.

మీ చుట్టుపక్కల ఇలాంటివి బోలెడు. బ్రూక్లిన్ అంటే బ్రూకెలెన్ అనే డచ్ ఊరు. హార్లెమ్ కూడా అంతే, నెదర్లాండ్స్‌లో హార్లెమ్ ఇప్పటికీ ఉంది. మాన్‌హట్టన్‌లో బౌరీ అని ఒక వీధి ఉంది చూడండి, అది బౌవెరై అనే డచ్ మాట, పొలం అని అర్థం. ఇప్పుడు అక్కడ గడ్డిపరక కూడా మొలవదు, పేరు మాత్రం పొలమే. కోనీ ఐలాండ్ కుందేళ్ల దీవి. మీకు దగ్గర్లోనే డచ్ కిల్స్ అని ఉంది. కిల్ అంటే చంపడం అనుకుని చిన్ని భయపడిందని అమ్మ చెప్పింది. డచ్‌లో కిల్ అంటే వాగు, అంతే తల్లీ. స్టేటెన్ ఐలాండ్‌కి డచ్ పార్లమెంటు పేరు పెట్టారు. వాళ్ల పాలన 1664లో పోయింది. ఇంగ్లీషు వాళ్లు వచ్చి న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ని న్యూయార్క్ చేశారు. చిన్న ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయాయి.

ఒక మాట మరచిపోకూడదు. డచ్ వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు రాకముందు ఆ నేల ఖాళీగా లేదు. ఫ్లషింగ్ ప్రాంతంలో మాటినెకాక్ అనే జాతి జనం ఉండేవాళ్లు. చేపలు పట్టుకుని, మొక్కజొన్న పండించుకుని బతికేవాళ్లు. వాళ్ల నేల చేతులు మారిపోయింది, వాళ్లు పలుచబడిపోయారు. అయినా ఆ జాతి వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఊరి కథ చెప్పేటప్పుడు వాళ్లని వదిలేసి ఫ్లిసింగెన్ దగ్గర మొదలుపెట్టడం నాకు న్యాయం అనిపించదు, అందుకే చెప్పాను.

ఇక బౌన్ సంగతి. 1645లో ఊరికి పత్రం రాసిచ్చిన డచ్ గవర్నర్ విల్లెమ్ కీఫ్ట్ అందులో ఒక వాక్యం పెట్టాడు. హాలండు పద్ధతి ప్రకారం ఈ ఊరివాళ్లకి ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు ఉండే స్వేచ్ఛ ఉంటుందని. ఆ వాక్యాన్ని ఊరివాళ్లు గట్టిగా పట్టుకున్నారు.

కీఫ్ట్ తర్వాత పీటర్ స్టైవెసెంట్ వచ్చాడు. యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకుని కర్రకాలుతో నడిచే మనిషి, మహా మొండి. డచ్ సంస్కరణ చర్చి తప్ప మరో మతం వాళ్లు బహిరంగంగా కూడి ప్రార్థన చేసుకోవడం ఆయనకి గిట్టేది కాదు. 1654లో బ్రెజిల్ నుంచి యూదులు వస్తే వాళ్లని పంపించేద్దామని చూశాడు, పైన ఈ వలసని నడిపే కంపెనీ ఒప్పుకోలేదు. 1657లో క్వేకర్లు వచ్చారు. క్వేకర్లు అంటే క్రైస్తవుల్లోనే ఒక శాఖ. పూజారి ఉండడు, అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటారు, లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు. ఎవరి ముందూ టోపీ తీయరు, గవర్నర్ ముందు కూడా. ఇంక చెప్పాలా! రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే క్వేకర్ యువకుణ్ణి పట్టుకుని, తోపుడు బండికి గొలుసులతో కట్టి, కొరడాతో కొట్టించాడు. క్వేకర్లకి ఒక్క రాత్రి ఇంట్లో చోటిచ్చినా 50 పౌండ్ల జరిమానా అని ఉత్తర్వు వేశాడు. ఆ రోజుల్లో 50 పౌండ్లంటే సంసారాలు కూలిపోయే డబ్బు.

ఫ్లషింగ్ ఊరివాళ్లు దానికి ఏం చేశారో జాగ్రత్తగా వినండి. 1657 డిసెంబరు 27న ఊరి గుమాస్తా ఎడ్వర్డ్ హార్ట్ ఒక అర్జీ రాశాడు. దాన్ని ఫ్లషింగ్ రిమాన్‌స్ట్రన్స్ అంటారు, మీ స్కూలు పుస్తకంలో ఈ పేరు వస్తుంది. 30 మంది సంతకాలు పెట్టారు. ఆ ఉత్తర్వుని మేము పాటించలేం అని గవర్నర్‌కి మర్యాదగా, సూటిగా చెప్పారు. మా గుమ్మంలోకి ప్రేమతో వచ్చినవాళ్ల మీద చెయ్యి వేయలేం అన్నారు. ప్రేమ, శాంతి, స్వేచ్ఛ యూదులకీ, తురుష్కులకీ, ఈజిప్షియన్లకీ కూడా చెందుతాయి, వాళ్లూ ఆదాము బిడ్డలే అని రాశారు. ఆ ఊళ్లో తురుష్కుడంటే ఎలా ఉంటాడో ఎవరూ చూసి ఉండరు. మన హిందువుల ఊసైతే వాళ్లకి తెలిసే అవకాశమే లేదు. అయినా తలుపు అంత వెడల్పుగా తెరిచారు.

నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఇంకొకటి. ఆ 30 మందిలో క్వేకర్ ఒక్కడూ లేడు. తమ మతం కోసం అడిగి ఉంటే అర్థం చేసుకోవచ్చు. పక్కవాడి కోసం అడిగారు. అడిగి దెబ్బ తిన్నారు. సంతకం పెట్టిన అధికారుల్ని స్టైవెసెంట్ అరెస్టు చేయించాడు. షెరీఫ్ టోబియాస్ ఫీక్ పదవి పోయింది. హార్ట్ చలికాలంలో మూడు వారాల పైన జైల్లో ఉండి, ఇంటి దగ్గర భార్యాబిడ్డలు ఇబ్బంది పడుతున్నారని విన్నవించుకుని క్షమాపణ చెప్పి బయటపడ్డాడు. చివరికి లొంగిపోయాడుగా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదమ్మా! రాసిన కాగితం మాత్రం నిలిచింది. న్యూయార్క్ రాష్ట్రం వాళ్లు దాన్ని ఆల్బనీలో భద్రంగా దాచారు. 1911లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి లక్షల కాగితాలు బుగ్గయిపోతే ఇది అంచులు కాలి బతికింది. ఫొటోలో చూడండి, చుట్టూ నల్లగా కమిలిన గుర్తులు కనిపిస్తాయి.

అర్జీ రాసిన అయిదేళ్లకి జాన్ బౌన్ వస్తాడు కథలోకి. ఇంగ్లండులో పుట్టి ఇక్కడికి వచ్చి స్థిరపడిన రైతు. ముందు క్వేకర్ అయింది ఆయన భార్య హానా. అడవిలో దాక్కుని ప్రార్థన చేసుకునే వాళ్లని చూసి ఆయన కూడా కలిశాడు, మా ఇంటికి రండి అన్నాడు. 1662 సెప్టెంబరులో ఆయన్ని పట్టుకుని జరిమానా వేశారు. కట్టను అన్నాడు. జైల్లో పెట్టారు. అయినా కట్టను అన్నాడు. విసిగిపోయిన స్టైవెసెంట్ ఆయన్ని ఓడ ఎక్కించి దేశం నుంచి వెళ్లగొట్టాడు. ఐర్లండ్‌లో దింపేస్తే, ఆయన ఇంగ్లండు మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ చేరి, ఈ వలసని నడిపే డచ్ వెస్టిండియా కంపెనీ పెద్దల ముందు నిలబడ్డాడు. 1645 నాటి మా ఊరి పత్రంలో ఏం రాశారో చదువుకోండి అన్నాడు.

కంపెనీ పెద్దలు 1663 ఏప్రిల్‌లో స్టైవెసెంట్‌కి ఉత్తరం రాశారు. ఈ క్వేకర్లంటే మాకూ పడదు, కానీ కొత్త దేశానికి జనం రావాలి, గట్టిగా బిగిస్తే ఎవరూ రారు, చూసీ చూడనట్టు వదిలెయ్, మనుషుల మనస్సాక్షిని బలవంతపెట్టకు అని దాని సారాంశం. వాళ్లు వ్యాపారులు, లెక్కలు చూసుకునే ఈ మాట అన్నారు. దానివల్ల ఆ మాట విలువ తగ్గిపోదని నా అభిప్రాయం. బౌన్ 1664 మొదట్లో ఇంటికి తిరిగొచ్చాడు, మళ్లీ అదే ఇంట్లో ప్రార్థనలు. 1661 ప్రాంతంలో కట్టిన ఆ చెక్క ఇల్లు ఇప్పటికీ మీ వీధిలోనే ఉంది. 1945 దాకా ఆయన వంశం వాళ్లే అందులో కాపురం ఉన్నారు. తర్వాత మ్యూజియం చేశారు. క్వేకర్లు 1694లో కట్టుకున్న ప్రార్థన మందిరం నార్తర్న్ బులెవార్డ్ మీద ఉంది, అందులో ఇప్పటికీ కూర్చుంటారు.

ఇప్పుడు మన గుడి. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన దేశం నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, నర్సులు పెద్ద సంఖ్యలో న్యూయార్క్ చేరారు. దేవుణ్ణి అల్మారాలో పెట్టుకుని, పండగలకి స్కూలు హాళ్లు అద్దెకు తీసుకుని గడిపేవాళ్లు. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే అళగప్ప అళగప్పన్ అనే ఆయన చొరవతో 1970 జనవరి 26న హిందూ టెంపుల్ సొసైటీ ఏర్పడింది. వీళ్లకి దొరికిన స్థలం ఏమిటనుకున్నారు? బౌన్ స్ట్రీట్‌లో అమ్మకానికి వచ్చిన ఒక రష్యన్ ఆర్థడాక్స్ చర్చి. దాన్ని కొని, ఆ చోటే ఆగమశాస్త్రం ప్రకారం గుడి కట్టారు. రాళ్లు మన దేశంలో చెక్కించి సముద్రం మీద తెప్పించారు. 1977 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, మహావల్లభ గణపతికి కుంభాభిషేకం చేశారు. అమెరికాలో సంప్రదాయ పద్ధతిలో కట్టిన తొలి గుళ్లలో ఇది ఒకటి. తర్వాత కల్యాణమండపంతో కమ్యూనిటీ సెంటర్ కట్టారు, పిల్లలకి పాఠశాల పెట్టారు. మీరు సంగీతం క్లాసుకి వెళ్తారే, అదంతా ఆ భక్తులు పైసా పైసా కూడబెట్టి లేపిందే.

గుడిలో గణపతికి పక్కన వేంకటేశ్వరస్వామి, శివపార్వతులు, లక్ష్మీదేవి, షణ్ముఖుడు అందరూ ఉన్నారు. తమిళులు, కన్నడిగులు, తెలుగువాళ్లు, గుజరాతీలు ఎవరి దేవుడి ముందు వాళ్లు నిలబడి, చివరికి అందరూ కింద క్యాంటీన్‌లోనే తేలతారు. నేను వచ్చినప్పుడు చూశాను కదా, స్టీలు కౌంటర్ ముందు నంబరు చీటీ పట్టుకుని నిలబడ్డ వాళ్లలో సగం మంది చైనా వాళ్లు, కొరియా వాళ్లు, తెల్లవాళ్లు. పేపర్ దోసె పళ్లెం దాటి రెండు వైపులా బయటికి వస్తుంటే ఒక పెద్దాయన దాన్ని ఎటునుంచి విరవాలో తెలియక మన చిన్ని వంక చూశాడు. చిన్ని చూపించింది. వినాయక చవితి రథం వీధుల్లోకి వచ్చినప్పుడు కూడా అంతే, ఊరంతా బయటికొచ్చి చూస్తుంది.

చిరునామాలు చూస్తే మీకు ఒక తమాషా తెలుస్తుంది. మీ ఫ్లషింగ్ ఉన్న క్వీన్స్ ప్రాంతంలో ఇంటి నంబరులో గీతకి ముందున్న అంకె దగ్గర్లోని అడ్డవీధిది. బౌన్ ఇల్లు 37-01, గుడి 45-57. అంటే ఒకే వీధిలో, కాస్త నడక దూరంలో ఉన్నాయి. ఆ మధ్యలోనూ చుట్టుపక్కలా చర్చిలు, యూదుల సినగాగ్, స్వామినారాయణ మందిరం, గురుద్వారా కూడా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో గుడి ముందు వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని రెండో పేరు ఇచ్చారు. బౌన్ పేరు తీసేయకుండా, దాని పక్కనే ఈ పేరు పెట్టడం నాకు ఎంతో నచ్చింది.

మీరు వేసవిలో బందరు వచ్చినప్పుడు మీకు చూపించాల్సినవి ఇక్కడా ఉన్నాయి. అమెరికాకి వెళ్లింది డచ్ వాళ్ల వెస్టిండియా కంపెనీ అయితే, మన తీరానికి వచ్చింది వాళ్ల ఈస్టిండియా కంపెనీ. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. మన నేత బట్టలు, అద్దకం గుడ్డలు ఓడలకెత్తుకుని వెళ్లేవాళ్లు. తర్వాత పాలకొల్లు, భీమునిపట్నం, ఇంకా కొన్ని చోట్ల ఉన్నారు. హాలండు వాళ్లని మనవాళ్లు వలందులు అనేవాళ్లు. బందరులో వలందపాలెం అని పేట ఇప్పటికీ ఉంది, ఆటో వాడికి చెబితే తీసుకెళ్తాడు. ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట కూడా ఉన్నాయి. మీ ఊళ్లో వాళ్లు ఊళ్లకి పేర్లు పెట్టారు, మా ఊళ్లో మేమే వాళ్లకి పేరు పెట్టి, అది పేటకి తగిలించాం. వాళ్ల సమాధుల మీద రాళ్లు పెద్దవి, చెక్కడం ఎంతో అందంగా ఉంటుంది. తాతయ్య మిమ్మల్ని తీసుకెళ్లి చూపిస్తానన్నారు, ఎండ తగ్గాక వెళ్దాం.

ఈలోగా ఒక పని చెయ్యండి. ఆదివారం గుడికి వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక, క్యాంటీన్‌కి వెళ్లకముందే నాన్నతో కలిసి బౌన్ ఇంటిదాకా నడవండి. మ్యూజియం తెరిచే వేళలు అమ్మని ముందే చూడమనండి. గుడికి కిందా పైనా అడ్డవీధులకి చెట్ల పేర్లు, పూల పేర్లు ఉంటాయి, హాలీ, జెరేనియం, చెర్రీ ఇలా. ఒకప్పుడు ఫ్లషింగ్ అమెరికాలోనే పేరున్న నర్సరీల ఊరు, అందుకని. దారిలో కనబడ్డ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, డచ్‌వి ఏవి, చెట్లవి ఏవి, మనుషులవి ఏవి అని విడదీసి నాకు పంపండి. బుజ్జి తెలుగులో రాయాలి, చిన్ని తప్పులు దిద్దాలి.

ఆవకాయ జాడీ అత్తయ్యతో పంపుతున్నాను, మూత గట్టిగా పెట్టమని అమ్మకి చెప్పండి.

ఆశీస్సులతో,
మీ బందరు అమ్మమ్మ