టీకా కార్డులో ఖాళీ గడి: ఆటిజం ఉన్న పిల్లల టీకాలపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో ఆటిజం ఉన్న పిల్లల టీకా కార్డు తెరిస్తే, ఖాళీ ఎక్కువగా ఒకే చోట కనబడుతుంది. తొమ్మిదో నెల దాకా తేదీలు వరసగా ఉంటాయి. 16–24 నెలల గడి దగ్గరకొచ్చేసరికి ఎంఆర్ (తట్టు, రూబెల్లా టీకా) రెండో డోసు లేదు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ లేదు. మాట రావట్లేదన్న కంగారు, థెరపీ సెంటర్ల చుట్టూ తిరుగుడు, ఊరి నుంచి ఫోన్లో అమ్మమ్మ అనే మాట, అన్నీ ఆ నెలల్లోనే వచ్చి పడతాయి.

అపోహ: "ఆ సూది వేయించాకే మాటలు పోయాయి."

వేయించాక మాటలు పోయాయన్నది నిజమే కావచ్చు. వేయించడం వల్ల పోయాయనుకోవడమే తప్పు. కొందరు పిల్లల్లో వచ్చిన నాలుగు మాటలూ వెనక్కి వెళ్లేది 15–24 నెలల మధ్యే. రెండో డోసు పడేదీ అప్పుడే. మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే తీసి చూడండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగాడా? కేకు వైపు వేలు చూపించాడా? చాలామందిలో తేడా అప్పటికే మొదలై ఉంటుంది.

ఈ భయానికి మూలం 1998లో బ్రిటన్‌లో 12 మంది పిల్లల మీద, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా) టీకాకీ ఆటిజానికీ లంకె పెడుతూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ బృందం రాసిన వ్యాసం. లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది; అదే ఏడాది ఆయన డాక్టర్ రిజిస్ట్రేషనూ పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో లెక్క తేల్చారు: ఎంఎంఆర్ వేసినవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్ని విడిగా చూసినా అంతే. కాబట్టి "పెద్దవాడికి ఇలా అయింది, చిన్నదానికి వద్దులే" అనుకుంటే చిన్నదాన్ని తట్టుకి వదిలేసినట్టే. పైగా తల్లికి గర్భంలో రూబెల్లా సోకితే బిడ్డకి ఆటిజం వచ్చే అవకాశం పెరుగుతుందని 1970ల నుంచీ తెలుసు. ఎంఆర్‌లో ఆర్ అంటే ఆ రూబెల్లాయే.

అపోహ: "టీకాలో పాదరసం ఉంది, డిటాక్స్ చేయిస్తే పోతుంది."

ఎంఆర్, ఎంఎంఆర్‌లలో పాదరసం లేదు. ఎక్కువ డోసులు తీసే కొన్ని టీకాల సీసాల్లో పాదరసం ఉండే థయోమెర్సల్ అనే నిల్వ పదార్థం కొద్దిగా ఉంటుంది. అది ఒంట్లోంచి త్వరగానే పోతుంది, చేపల్లో పేరుకునే పాదరసం రకం కాదు. అమెరికాలో 2001కల్లా చిన్నపిల్లల టీకాల నుంచి దాన్ని దాదాపుగా తీసేశారు. ఆటిజం నిర్ధారణలు మాత్రం తగ్గలేదు. డిటాక్స్ పేరుతో "ఒంట్లోంచి లోహాలు లాగేస్తాం" అనే కీలేషన్ మందు జోలికి పోకండి. 2005లో అమెరికాలో ఆ మందు నరానికి ఎక్కిస్తుండగా ఆటిజం ఉన్న 5 ఏళ్ల బాబు గుండె ఆగి చనిపోయాడు. లోహాల సంగతి అటుంచి, రక్తంలో కాల్షియం పడిపోయింది.

అపోహ: "ఆలస్యమైంది, ఇక మొదటి నుంచి వేయాలి."

అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే వేస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఎంఆర్ 5 ఏళ్ల దాకా, డీపీటీ 7 ఏళ్ల దాకా వేస్తారు. ఆ తర్వాత ఎంఎంఆర్‌కీ, డీపీటీ బదులు వేసే టీడాప్‌కీ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అనంతపురంలోనో చిత్తూరులోనో రాసిన కార్డు ఇక్కడా పనికొస్తుంది.

అపోహ: "మందులు వాడుతున్నాడు, టీకా పడదు."

చిరాకుకిచ్చే రిస్పెరిడోన్, నిద్రకిచ్చే మెలటోనిన్ వంటివి అడ్డు కాదు. నిజంగా ఆగాల్సినవి వేరే. ఫిట్స్ అదుపులో లేకపోతే డీపీటీ ఆపుతారు. రెండు వారాలకు పైగా స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడితే, ఆపాక నెల దాటేవరకూ ఎంఆర్ వేయరు.

అపోహ: "నలుగురు కలిసి పట్టుకుంటే తప్ప వేయలేం."

అలా వేస్తే ఆ రోజుకి పని అవుతుంది. వచ్చేసారి పిల్లాడు ఆస్పత్రి గేటు కూడా దాటడు.

చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్–ప్రిలోకైన్ క్రీము సూది పడే చోట రూపాయి బిళ్లంత మేర మందంగా పెట్టి గంట ఆగాలి. ఇరవై నిమిషాలకే తుడిచేసి "పని చేయలేదు" అంటారు, అదే పొరపాటు. ఎంఆర్ కుడి భుజానికి, డీపీటీ మొదటి బూస్టర్ తొడకి వేస్తారు కాబట్టి రెండు చోట్లా పెట్టాలి. పైన ప్లాస్టర్ వద్దు. పీకేటప్పుడు సూది కంటే ఎక్కువ ఏడుస్తారు. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ రేకు చుట్టండి. ఫిట్స్‌కి ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ వాడేవాళ్లు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆ క్రీము పెట్టొద్దు.

పడుకోబెట్టకండి. ఒళ్లో, మీ ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకోండి. స్పిరిట్ చల్లదనం, వాసన కొందరికి సూది కన్నా భరించలేనివి; నర్సుకి ముందే చెప్పండి. "ఏమీ చేయరమ్మా" అని అబద్ధమాడొద్దు. కుర్చీ, దూది, సూది, ఇల్లు: నాలుగు ఫోటోలు మూడు రోజుల ముందు నుంచి చూపిస్తే చాలు. వేయాల్సినవన్నీ ఒకే పూట వేయించేయండి. తర్వాతి అరగంట గుంపులో కాకుండా వరండాలో కూర్చోవచ్చు.

డీపీటీ జ్వరం రెండు రోజుల్లో వస్తుంది. ఎంఆర్ జ్వరం 5–12 రోజుల మధ్య, అంతా మర్చిపోయాక వస్తుంది. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. 16 కిలోల పిల్లాడికి 240 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే 4.8 మిల్లీలీటర్లు. 120 సిరప్ వేరే ఉంది, సీసా మీద చూసుకోండి. సిరప్‌ని పెరుగన్నంలో కలపొద్దు. పిల్లాడు తినేది ఆ ఒక్కటే అయితే, దాన్నీ మానేస్తాడు. సిరప్ ససేమిరా అంటే మలద్వారంలో పెట్టే గుళికలు దొరుకుతాయి. నొప్పి అని నోటితో చెప్పకపోవచ్చు: తల కొట్టుకోవడం ఎక్కువవడం, ఒక కాలు నేల మీద ఆనించకపోవడం, ఇష్టమైన బొమ్మ పక్కన పడేయడం చూడండి. ఫిట్స్ వచ్చినా, మొహం ఉబ్బినా, ఊపిరి ఇబ్బంది అయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూడు రోజులకీ జ్వరం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి.