మగపిల్లల పేర్లు: అపోహలు - వాస్తవాలు

బారసాల ముహూర్తం అడగడానికి వచ్చే తల్లిదండ్రుల ఫోన్‌లో ఇప్పుడు ఒక లిస్టు ఉంటోంది. పేరు, పక్కన దాని అర్థం. బాబు మీద ప్రేమతో రాత్రిళ్లు మేలుకుని వెతికిన పేర్లవి. అందుకే పురోహితుడిగా నాకు తెలిసింది దాచకుండా చెప్పాలనిపించింది.

అపోహ: జన్మనక్షత్రం అక్షరంతోనే పిలుపు పేరు మొదలవ్వాలి.

వాస్తవం: 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. హస్తకు పూ, ష, ణ, ఠ. ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ. మరి ఆర్ద్ర మూడో పాదంలో పుట్టిన బాబుకి 'ఙ'తో పేరు ఎక్కణ్ణుంచి తేవాలి? ఈ టెన్షన్‌తో బాలింతలు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. తెలుగునాట కృష్ణయజుర్వేదులు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం (ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే గ్రంథం) నక్షత్రనామాన్ని రహస్యంగా ఉంచమంటుంది. వాడుక పేరుకు అది చెప్పిన లక్షణాలు వేరు: రెండు లేదా నాలుగు అక్షరాలు ఉండాలి, గ, జ, ద, బ లాంటి నాదమున్న హల్లుతో మొదలవ్వాలి, మధ్యలో య, ర, ల, వల్లో ఒకటి రావాలి. లేదంటే 'సు' చేరిన పేరైనా మంచిదే. పాదం అక్షరం ఊసే అందులో లేదు. పళ్లెంలో బియ్యం పోసి తండ్రి చేత ఉంగరంతో రాయించేటప్పుడు కూడా పుట్టిన మాసాన్ని బట్టి వచ్చే మాసనామం, నక్షత్రనామం, వ్యావహారిక నామం విడివిడిగానే రాయిస్తాం.

అపోహ: లిస్టులో 'సంస్కృతం' అని ఉంటే అది సంస్కృతమే.

వాస్తవం: కియాన్ పారశీక పేరు, ఇరాన్ పురాగాథల్లోని రాజులకు సంబంధించినది. ఇవాన్ అంటే మన యోహానే, స్లావిక్ భాషల్లో అలా మారింది. మూలం హీబ్రూ, 'దేవుడు దయ చూపాడు' అని అర్థం. అద్విక్‌కి 'సాటిలేనివాడు' అని రాస్తున్నారు, కానీ ఆ అర్థమిచ్చే సంస్కృత పదం అద్వితీయ. రేయాన్ష్‌లో 'రే' ఇంగ్లీషు కిరణం. సంస్కృతంలో కిరణానికి అంశు, రశ్మి, మయూఖం ఉన్నాయి. ఇలాంటి పేర్లు పెట్టొద్దని అనను. ఖాయం చేసేముందు ఒక్కసారి ఆప్టే సంస్కృత నిఘంటువు తిరగేయండి. రేపు బాబు అడిగితే నిజమైన అర్థం చెప్పగలగాలి కదా.

అపోహ: తాతల కాలం నాటి మోటు పేర్లకు అర్థం పర్థం ఉండదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో, ఈ ఒక్కడైనా బతకాలని పసివాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి ఎత్తుకునేవారు. వాడు పెంటయ్య. ఎంగిలి పుల్లాకుల్లో పొర్లిస్తే పుల్లయ్య. ఇంకొకరి చేతికిచ్చి, తవుడు పోసి తిరిగి కొనుక్కుంటే తవిటయ్య. ఈ పేరు ఉత్తరాంధ్రలో ఎక్కువ. మృత్యువు చూపు పడకూడదని పెట్టుకున్న పేర్లివి.

రాయలసీమలో హిందువులు కూడా పెట్టుకునే దస్తగిరి సంగతీ ఇంతే. చివర 'గిరి' ఉంది కదా అని కొండ అనుకుంటారు. అది పారశీకం: దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. చేయి పట్టి ఆదుకునేవాడన్నమాట. బాగ్దాద్ సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి ఉన్న బిరుదది. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారు.

అపోహ: ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఇంకో 'ఏ' చేరిస్తే జాతకం మారుతుంది.

వాస్తవం: మారదు. జాతకం పుట్టిన సమయాన్ని, చోటును బట్టి వేస్తాం. స్పెల్లింగ్‌తో దానికి పనిలేదు. ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అపోహ: 21 రోజుల్లో పేరు తేల్చకపోతే బర్త్ సర్టిఫికెట్ రాదు.

వాస్తవం: 21 రోజుల గడువు జననం నమోదుకే. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకి రుజువు ఈ సర్టిఫికెట్టే. కాబట్టి బారసాల అయ్యాక, స్పెల్లింగ్ ఇంట్లో అందరూ ఒకసారి చూసుకున్నాకే పేరు ఎక్కించండి.